సగం బుటా

ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్టు, ఎక్కడో దేశం కాని దేశంలో రెండు కంపెనీల జట్లు కొట్లాడుకుంటే హిందూపురంలో రామాంజి నలిగిపోయాడు. అతను నలిగితే నలిగాడు, నాలుగు పెళ్లిళ్లు తీసి తేరుకున్నాడు. కానీ అతని నోటి మాట వల్ల ధర్మవరంలో ఒక ముసలాయనకు పోయింది మాత్రం మళ్లీ రాలేదు. కథ ఆయనదే అయినా, చెప్పుకోవలసింది రామాంజి వైపు నుంచే. ఎందుకంటే ఆ బరువు మోస్తున్నది ఇతనే.

రామాంజిది పెళ్లి వీడియోల పని. స్టేషన్ రోడ్డులో ఒకే గది స్టూడియో. రెండువేల ఏడు మొదట్లో ఆ చుట్టుపక్కల ఎవరికీ లేని హెచ్‌డీ కెమెరా ఒకటి బెంగుళూరు నుంచి తెచ్చాడు. పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చన్నాడు అమ్మినవాడు. వ్యాపారులు నిజం చెప్పడం అరుదు గాని, ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు. చిక్కల్లా, తీసినదాన్ని తీసినట్టుగా జనం చేతిలో పెట్టడం ఎలాగన్నదే. మామూలు డీవీడీలో వేస్తే, బిందెడు పాలు చెంబులో పోసినట్టు ముప్పాతిక భాగం నేలపాలవుతుంది. స్పష్టత అలాగే ఉండాలంటే కొత్తరకం డిస్కు కావాలి. కొత్తవి రెండు వచ్చాయి. ఒకటి హెచ్‌డీ డీవీడీ, రెండోది బ్లూ-రే. ఒకదాని ప్లేయర్లో రెండోది ఆడదు. ఈ రెండింటిలో ఒకటే మిగులుతుందని అందరూ అంటున్నారు గాని, ఏది మిగులుతుందో చెప్పే మొనగాడు ఎవడూ లేడు.

డిస్కు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు కూడా అందుకే రెండు దారులు పట్టాయి. తీసిన వీడియోను అమర్చి, ముందు పేర్లు వేసి, మెనూ పెట్టి, డిస్కు మీదికి ఎక్కించేది ఆ సాఫ్ట్‌వేరే. ఏది కొంటే ఆ జట్టులో చేరినట్టే. రామాంజి బెంగుళూరు దుకాణంలో రెండు డబ్బాలు ముందు పెట్టుకుని, ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. తేల్చుకోలేక ఇంటికొచ్చి భార్య వరలక్ష్మితో చెప్పుకున్నాడు.

"ఆ రెండూ కొట్లాడుకుంటాంటే మధ్యన నువ్వెందుకు దూరేది? ఏదో ఒగటి నిలబడేదాకా ఆగరాదా?" అంది ఆమె.

"నేను ఆగితే ముహూర్తాలు ఆగుతాయా?" అన్నాడు రామాంజి.

ఆఖరికి హెచ్‌డీ డీవీడీ జట్టులో చేరాడు. దానికో కారణం ఉంది. బ్లూ-రేకి డిస్కు రాసే కొత్త రైటరు కావాలి, ఖరీదైన కొత్త డిస్కులు కావాలి. ఈ సాఫ్ట్‌వేరు మాత్రం తన దగ్గరున్న పాత రైటరుతోనే, అంగట్లో దొరికే మామూలు డీవీడీ మీదనే హెచ్‌డీ వీడియో రాసేస్తుంది. అరగంట వీడియోకు మించి పట్టదు, దాని ప్లేయరు ఉన్నవాళ్లే చూడగలరు, అయినా పోయిందేముంది? ముఖ్యమైన ఘట్టాలు ఒక అరగంట ఇందులో వేసి, పెళ్లంతా మామూలు డిస్కులో వేసి, రెండూ కలిపి ఇస్తే సరి. "ప్లేయర్లు వచ్చే ఏడు మన ఊర్లోకి కూడా వస్తాయి, అప్పుడు చూడండి తమాషా" అని అందరికీ చెప్పుకున్నాడు.

మామూలు డీవీడీ మీదనే రాస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి. రామాంజి గుర్తుంచుకోలేదు.

ఆ వేసవిలో పెనుకొండలో ఒక పెళ్లి. అమ్మాయి వాళ్లది ధర్మవరం, అబ్బాయి వాళ్లది లేపాక్షి దగ్గర పల్లె. ఇద్దరికీ నడుమన ఉందని పెనుకొండలో కల్యాణ మండపం మాట్లాడుకున్నారు. పెళ్లికూతురు పుష్పావతి. తండ్రి పోతులయ్య, తల్లి చౌడేశ్వరి, ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్లే. ఇంట్లో రెండు మగ్గాలు, ఇద్దరు కూతుళ్లు.

రామాంజి లైట్లు సర్దుకుంటుంటే చౌడేశ్వరి వచ్చి పక్కన నిలబడింది.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని ఎట్లా తీస్తావు గానీ, నా చీర కొంచెం దగ్గరగా తియ్యప్పా" అంది.

రామాంజి నవ్వి, అలాగేనమ్మా అన్నాడు.

"నగేది గాదు. కింద అంచు కాడ్నుంచి మొదులుపెట్టి, నిదానంగా భుజం దాకా రావల్ల. ఒగ బుటా కూడా ఇడిచిపెట్టొద్దు. ఇన్నేండ్లూ ఊరోళ్ల పెండ్లిండ్లకు నేస్తి. ఇదొగటి నాకని నేసుకుంటి."

అప్పుడు చూశాడు రామాంజి. వంగపండు రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. ఒళ్లంతా చిన్న చిన్న బుటాలు. ధర్మవరంలో బుటా అంటే గళ్ల కాగితం మీద గీసి, జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టించి, ఆ అట్టలను మగ్గానికి ఎక్కించి నేస్తారు. అట్ట ఉంటే అదే పువ్వు వెయ్యి చీరల్లో పూయించొచ్చు. చౌడేశ్వరి అట్టలు పెట్టలేదు. మధ్యాహ్నాలు ఇల్లు సద్దుమణిగాక రెండో మగ్గం మీద కూర్చుని, పోగులు వేళ్లతో ఎత్తి, చిన్న కండెతో ఒక్కో బుటా చేత్తో వేసింది. ఒకటి తంగేడు పువ్వు, ఒకటి గొర్రెపిల్ల గిట్ట, ఒకటి చింతచిగురు, ఒకటి ఆమె కూతురు చిన్నప్పుడు పలక మీద గీసిన పిచ్చి కాకి. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి లేదు.

"మా ఆయప్పకు ఇంగా సరిగ్గా చూపీనే లేదు. చూడయ్యా అంటే, మొగ్గం మీద పడుగు అయిపోనీ, మల్ల చూస్తాలే అంటాడు" అంది చౌడేశ్వరి.

అక్కడే కుర్చీలు సర్దుతున్న పోతులయ్య విన్నాడు. "ఇంట్లో చీర, యాడికి పోతాదే?" అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

"వీడియోలో అన్నా చూద్దువు గానీలే" అంది ఆమె.

రామాంజి ఆమె చెప్పినట్టే తీశాడు. అంచు దగ్గర మొదలుపెట్టి ఊపిరి బిగబట్టి భుజం దాకా వచ్చాడు. తర్వాత స్టూడియోలో కంప్యూటరు మీద వేసుకుని చూస్తే అతనికే ముచ్చటేసింది. పోగు పోగూ కనిపిస్తోంది. కెమెరా పదును చూపించడానికి ఇంతకంటే ఏం కావాలని, బంగారు రంగు హెచ్‌డీ డిస్కులో పేర్లు పడగానే మొట్టమొదట ఆ చీరనే పెట్టాడు. డిస్కులు తీసుకుపోవడానికి చౌడేశ్వరి, పుష్పావతి వచ్చినప్పుడు కంప్యూటరులోనే చూపించాడు. చౌడేశ్వరి తెర దగ్గరికి మొహం పెట్టి, కాకి దగ్గర వేలు పెట్టి, పడీ పడీ నవ్వింది. పుష్పావతి రెండు డిస్కులూ అత్తగారింటికి పట్టుకుపోయింది. మామూలు డిస్కు ఇంకొకటి పుట్టింటి వాళ్లకిచ్చాడు.

ఏడాది తిరగకుండానే కొట్లాట తేలిపోయింది. బ్లూ-రే గెలిచింది. హెచ్‌డీ డీవీడీని తయారుచేసేవాళ్లే చేతులెత్తేశారు, దాని ప్లేయర్లు ఇంక రావన్నారు. రామాంజికి ఆ వారం అన్నం సయించలేదు. సాఫ్ట్‌వేరు డబ్బాను అటక మీదికి విసిరేశాడు. తాను అందరికీ గొప్పగా ఇచ్చిన డిస్కు ఒకటి కంప్యూటరులో పెట్టి చూస్తే, అందులో ఏమీ లేనట్టు ఖాళీగా చూపింది. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది.

అప్పుడే పుష్పావతి భర్త ఫోన్ చేశాడు. "అన్నా, ఆ బంగారు రంగు డిస్కు దేంట్లో పెట్టినా ఆడల్యా. ఏం చేసేది?"

రామాంజి కడుపులో మంట మాటలోకి వచ్చింది. "ఆ కంపెనీ మునిగిపోయిందప్పా. అది ఇంగ ఉత్త ప్లాస్టిక్కే. పారేయండి" అన్నాడు.

ఆ ఏడు శ్రావణ మాసంలో చౌడేశ్వరి మగ్గం మీదనే గుండె పట్టుకుని ఒరిగిపోయింది. ముత్తైదువగా పోయిన మనిషిని ఉన్నవాటిలోకెల్లా మంచి చీర కట్టి సాగనంపడం వాళ్ల ఆనవాయితీ. ట్రంకుపెట్టె తెరిచి, చిన్న కూతురు హరిత పెళ్లికి మళ్లీ కట్టుకుంటానని ఆమె దాచిపెట్టిన ఆ వంగపండు రంగు చీర పోతులయ్యే తీసిచ్చాడు. ఆ ఏడుపులో బుటాలు ఎవరు చూస్తారు? చీర ఆమెతోపాటే మట్టిలోకి పోయింది.

*

రెండేళ్ల తర్వాత ఒకనాటి పొద్దున పోతులయ్య ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చి స్టూడియోలో కూర్చున్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. సంచిలోంచి మామూలు డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"హరితకు సంబంధం కుదిరిందప్పా. దానికి వాళ్లమ్మ చీరే నేసి కట్టీల్లని ఉండాది. రంగులు నాకు తెలుసు. బుటాలే తెలీవు. దీంట్లో చూస్తే అంతా అలుక్కపోయినట్ల ఉండాది."

రామాంజి వేసి చూశాడు. నిజమే. చౌడేశ్వరి నడుస్తుంటే చీర మీద మసక మచ్చలు కదులుతున్నాయి, అంతే. తంగేడు పువ్వూ గొర్రె గిట్టా ఒకటిగానే ఉన్నాయి.

"నువ్వు దగ్గరగా తీస్తివని ఆమె చెప్పింది. ఒగ బుటా ఇడిచిపెట్లేదంట గదా. అది యాడుండాది?" అన్నాడు పోతులయ్య.

ఆ పెళ్లి తీసిన టేపు ఇప్పుడు లేదు. డిస్కులు ఇచ్చేశాక అదే టేపు మీద ఇంకో ఫంక్షను తీయడం ఈ పనిలో అందరూ చేసేదే. చౌడేశ్వరి చీర మీద అగళి ఊళ్లో ఎవరో పిల్లలకు చెవులు కుట్టిన సంబరం ఎప్పుడో ఎక్కేసింది. కంప్యూటరులో ఉన్నదీ జాగా చాలక చెరిపేశాడు. ఉన్న సంగతి చెప్పాడు.

పోతులయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఊర్లో అందురూ చూసినారు ఆ చీరను. నేనొగణ్ని తప్ప" అని మాత్రం అన్నాడు.

ఆయన కళ్లలోకి చూడలేక రామాంజి బీరువా తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. అడుగున ఒక బంగారు రంగు డిస్కు తగిలింది. అప్పట్లో గిరాకీలకు చూపించడానికి చేసుకున్న నమూనా, వేరే ఎవరిదో పెళ్లి. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు, కంప్యూటరులో పెట్టాడు. ఇప్పటి కంప్యూటరు కొత్తది. పాతది ఖాళీ అని చూపిన డిస్కులో ఇది ఫైళ్లు చూపించింది. నెట్‌లో ఉచితంగా దొరికే ప్లేయరొకటి ఉంది, దాంతో తెరిచాడు. తెర నిండా పెళ్లికూతురు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

అప్పుడు తట్టింది రామాంజికి. మామూలు డీవీడీ మీదనే కదా రాసింది! ప్లేయర్లు చచ్చిపోతే చచ్చిపోయాయి, డిస్కు చావలేదు. పాత కంప్యూటరుకు చదవడం చేతకాకపోతే తాను డిస్కుదే తప్పనుకున్నాడు. పారేయండి అని తన నోటితోనే చెప్పాడు.

"రాప్పా, లెయ్" అన్నాడు. "పుష్పావతి కాడ ఉంటాది. పారేయకుండా ఉంటే చాలు."

పోతులయ్యను బండెక్కించుకుని లేపాక్షి దాటి పల్లెకు పోయాడు. దారి పొడవునా ఆయన వెనక కూర్చుని ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. కాకి కూడా కనపడుతుందా అని అడిగాడు. బాగా కనపడుతుందన్నాడు రామాంజి. ఆ మాట అనకుండా ఉండవలసింది.

పుష్పావతి ఇంటి ముందు పొద్దుతిరుగుడు గింజలు ఎండబోస్తోంది. తండ్రిని చూసి సంబరంగా లేచింది. డిస్కు సంగతి వినగానే ఆమె మొహం మారిపోయింది.

"పారెయ్యలేదన్నా. అమ్మ పెండ్లిలో తీసింది గదా, పారెయ్యబుద్ధి కాల్యా" అంది. రామాంజికి ప్రాణం లేచొచ్చింది. ఆమె ఇంకా చెప్తోంది. "ఉత్త ప్లాస్టిక్కే అంటివంట గదా. చేన్లో చిలకలు గింజలు తినిపోతాంటే, మెరుస్తాదని ఆయన కట్టినాడు."

ముగ్గురూ చేలోకి నడిచారు. పొద్దుతిరుగుడు నడుమ కర్ర పాతి, దానికి పురికొసతో వేలాడదీసి ఉంది డిస్కు. గాలికి తిరుగుతూ తళుక్కుమంటోంది. రెండు పంటల నుంచి అక్కడే ఉందట, ఎండకూ వానకూ. దాన్ని చూసి చిలకలు భయపడ్డాయో లేదో గాని, రామాంజి మాత్రం భయపడ్డాడు. కర్ర దగ్గరికి పోయి విప్పాడు. బంగారు రంగు వెలిసి పాలిపోయింది. ఒకవైపు ఇసుక గాలి గీరిన గీతలు. పురికొస తెగకుండా నడిమి బెజ్జానికి రెండు పక్కలా సైకిలు ట్యూబు ముక్కలు గుండ్రంగా కోసి బిగించాడు అల్లుడు. ఆ రబ్బరు కింద దాగిన వేలి వెడల్పంత మేర మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

"చూసేకి వస్తాదని ఒగ మాట చెప్పింటే దేవుని గూట్లో పెట్టుకుందును గదన్నా!" అని పుష్పావతి అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకోకుండా ఎవరుంటారు? హిందూపురం తిరిగొచ్చి, రామాంజి మెత్తటి గుడ్డతో డిస్కు తుడిచి కంప్యూటరులో పెట్టాడు. అది చాలాసేపు గురగురమని తిరిగింది. పోతులయ్య కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, తెరకు జానెడు దూరంలో కూర్చున్నాడు.

తెర వెలిగింది. డిస్కు మీద రాత లోపలి అంచు నుంచి బయటికి సాగుతుంది, మొదలంతా నడిమి బెజ్జం పక్కనే ఉంటుంది. రబ్బరు ముక్కలు ఆ మొదలును కాపాడాయి. గులాబీలు రాలాయి. రెండు హృదయాలు గిరగిరా తిరిగి ఒకటయ్యాయి. పుష్పావతి పేరు, పెళ్లికొడుకు పేరు. ఆ తర్వాత తెర నిండా, మబ్బులేని ఆకాశంలో చుక్కల్లా మెరుస్తూ, 'రామాంజి డిజిటల్స్, స్టేషన్ రోడ్, హిందూపురం', కింద ఫోన్ నంబరు. తన పేరు అంత స్పష్టంగా రామాంజి ఎన్నడూ చూసుకోలేదు. ఆ క్షణంలో దాన్ని తెర మీంచి గోళ్లతో గీకి పారేయాలనిపించింది. తన పేరుకు ఇచ్చిన ఆ కాస్త జాగా ఆమె చీరకు ఇచ్చి ఉంటే!

పేరు పోయింది. మండపం గచ్చు. పసుపు రాసిన రెండు పాదాలు. ఆవపువ్వు రంగు అంచు, పోగు పోగూ కనిపిస్తూ. పోతులయ్య నోరు తెరుచుకుంది. కెమెరా నిదానంగా పైకి లేచింది. అంచు దాటింది. వంగపండు రంగు మొదలైంది. ఒక బుటా, తంగేడు పువ్వు, కింది రేకలు రెండు తెరలోకి వచ్చాయి, మూడోది రాబోతోంది.

అక్కడ ఆగిపోయింది.

రామాంజి ముందుకు జరిపి చూశాడు. డిస్కు తీసి మళ్లీ తుడిచి పెట్టాడు. వేరే ప్రోగ్రాముతో తెరిచాడు. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే. ఆ తర్వాత డిస్కులో ఉన్నదంతా చేలో ఎండకు పోయింది.

"ఉండనీలేప్పా. ఇంగ తిప్పొద్దు. ఇది కూడా పోతాదేమో" అన్నాడు పోతులయ్య. తెర మీద ఆగిన ఆ అంచునూ, ఆ సగం పువ్వునూ చాలాసేపు చూశాడు. మూతి దగ్గర వేళ్లు ఆడిస్తూ పోగులు లెక్కపెట్టుకున్నాడు. "రేక కొసన రెండు పోగులు జారిడ్సింది చూడు. ఆ తీరు నాకు రాదు" అన్నాడు. తర్వాత కళ్లజోడు తీసేసి, పంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రామాంజి ఆ బొమ్మను కాగితం మీద అచ్చు తీసి చేతికిచ్చాడు.

*

హరిత పెళ్లి కూడా పెనుకొండలోనే, అదే మండపంలో. తీసేది నువ్వేనని పోతులయ్య కబురు పెట్టాడు. రామాంజి వెళ్లనంటే వరలక్ష్మి కసిరి పంపింది.

పెళ్లికూతుర్ని తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టారు. వంగపండు రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. అంచు అచ్చం ఆ అంచే. అంచుకు పైన, ఎడమ పాదం దగ్గర, ఒకే ఒక్క తంగేడు పువ్వు, కింది రేకలు రెండే. ఆ పైన పువ్వు లేదు. నడుము దాకా, భుజం దాకా, కొంగు కొస దాకా ఉత్త వంగపండు రంగు.

ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. పెళ్లికొడుకు మేనత్త ఒకామె ఉండబట్టలేక పోతులయ్యనే అడిగింది.

"ఏమన్నా, ఇంత నేసేవాడివి, బిడ్డ చీరలో పువ్వు సగంలో ఇడిచిపెట్టినావే? మంచిది గాదు గదా. తక్కింది నువ్వే కల్పిచ్చి ఎయ్యరాదా?"

"నేసినామె ఆడిదాకనే చూపిచ్చిందమ్మా. తక్కింది నేను చూడలేదు. చూడందాన్ని ఎట్ల నేసేది?" అన్నాడు పోతులయ్య.

రామాంజి కెమెరా భుజానికెత్తుకుని హరిత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే అంచు దగ్గర మొదలుపెట్టాడు. సగం పువ్వు వచ్చింది. పోయింది. ఆ పైన తీయడానికి ఏమీ లేకపోయినా ఆపకుండా, అదే నిదానంతో భుజం దాకా వచ్చాడు. కంట్లో నీళ్లు నిండి కెమెరాలో ఏమీ కనపడలేదు. లేచి చూస్తే పక్కనే పోతులయ్య ఉన్నాడు.

"మామా, ఈ తూరి మూడు కాపీలు చేసి, మూడు చోట్ల పెడతా. ఏ డిస్కు ఏమైపోయినా..." అంటూ ఆగిపోయాడు రామాంజి.

"ఏ డిస్కులోనన్నా ఎయ్యిలేప్పా" అన్నాడు పోతులయ్య, కూతురి మీంచి చూపు తిప్పకుండానే. "కొంచెం పక్కకు జరుగు. ఈ తూరి నేను కండ్లతోనే చూసుకుంటాండా."

రామాంజి కెమెరా దించి పక్కకు జరిగాడు.